ఖాళీ కడవ ఎవరి కంట పడితే వాళ్లే నింపాలి

 

చలికాలం వస్తే మన సంగం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో కుర్రకారుకు కొండ గుర్తొస్తుంది. వీపుకు సంచి తగిలించుకుని, పదిమంది జట్టు కట్టి, తెల్లవారకముందే బయల్దేరి ఉదయగిరి దుర్గం ఎక్కి వస్తారు. మన విహారాలకు వచ్చే పిలకాయలు కూడా పోతున్నారు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే. "కొండ మీద ఏముందబ్బయ్యా ఎక్కేదానికి? మొక్కు ఏమన్నా ఉందా?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మన తాతలకు, అవ్వలకు కొండ అంటే మొక్కే. కాళ్లు బొబ్బలెక్కేదాకా నడిచి, ముడుపు చెల్లించి వచ్చేవాళ్లు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు మనమూ తీసుకున్నాక ఇక మొక్కు లేదు, ముడుపు లేదు. కొండ మీద మనకోసం ఎవరూ కూర్చుని లేరు. మరి మొక్కు లేని నడకకు అర్థం ఏమిటి? ఊరికే సెల్‌ఫోన్లో ఫొటోలు దిగి రావడమేనా? ఈ కరపత్రంలో మాట్లాడుకునేది ఆ సంగతే.

మనది నడిచినవాళ్ల ధమ్మం

మన ధమ్మం నడక మీదే పుట్టింది, నడక మీదే పెరిగింది. జ్ఞానోదయం అయ్యాక తథాగతుడు గయ నుంచి సారనాథ్ దాకా 200 కిలోమీటర్లకు పైగా నడిచాడు. ఎందుకు? తనను వదిలేసి పోయిన అయిదుగురు పాత స్నేహితులను వెతుక్కుంటూ. ఆ తర్వాత 45 ఏళ్లు వానాకాలం మూడు నెలలు ఒకచోట ఆగడం, మిగతా కాలమంతా ఊరూరా నడవడం. భిక్షువులు 60 మంది అయ్యేసరికి వాళ్లనూ తలా ఒక దారిన పంపించాడు. బహుజనుల మేలు కోసం నడవమన్నాడు.

ఆ నడక మన పెన్న సీమకూ వచ్చింది. కడప వైపు చెయ్యేటి ఒడ్డున, నందలూరు దగ్గర ఆడపూరులో బౌద్ధ స్తూపాల శిథిలాలు బయటపడ్డాయి. ఆ చెయ్యేటి నీళ్లు పెన్నలో కలిసి, సోమశిల దాటి, సంగం ముందు నుంచే పోతాయి. కాబట్టి ధమ్మం మనకు ఎక్కడో ఉత్తరాది నుంచి తెచ్చుకున్న కొత్త వస్తువు కాదు.

ఆ నడిచే భిక్షువు దగ్గర ఉండదగిన సామాను ఎంతో తెలుసా? ఎనిమిది వస్తువులు. మూడు చీవరాలు, ఒక భిక్షాపాత్ర, ఒక మంగలి కత్తి, ఒక సూది, నడుముకు ఒక పటకా, నీళ్లు వడగట్టుకునే గుడ్డ ఒకటి. అంతే. ఇప్పుడు మన పిలకాయలు కొండకు పోయేటప్పుడు సంచిలో ఏం పెట్టుకోవాలి, ఏం తీసెయ్యాలి అని రాత్రంతా సర్దుతారు కదా! ఆ లెక్క రెండువేల అయిదువందల ఏళ్ల కిందటే తేలిపోయింది. బతికేదానికి కావలసింది చాలా తక్కువ. అంత తక్కువలో కూడా నీళ్ల కోసం ఒక వస్తువు ఉంది. ఆ గుడ్డ దగ్గరికి మళ్లీ వస్తాను.

దౌలతాబాద్ గుమ్మం ముందు

బాబాసాహెబ్ కూడా ఒకసారి జట్టుతో కోట చూసేదానికి పోయాడు. 1934లో ఆయనతో ఉద్యమంలో పనిచేసేవాళ్లు అందరం కలిసి యాత్రకు పోదాం, మీరూ రావాలి అన్నారు. ఆయన సరే అన్నాడు. వేరూళ్ బౌద్ధ గుహలు తప్పకుండా చూడాలని అనుకున్నారు. దాదాపు 30 మంది. నాసిక్ నుంచి బస్సులో ఔరంగాబాద్, అక్కడి నుంచి దౌలతాబాద్ కోట. అప్పటికి అది నిజాం రాజ్యం.

కోట గుమ్మం బయట చిన్న నీటి గుంట ఉంది. నిండా నీళ్లు. చుట్టూ రాతి చప్టా. దుమ్ములో ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ఏం చేస్తారు? కొందరు ముఖాలు, కాళ్లు కడుక్కున్నారు. ఇంతలో వెనక నుంచి ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు, అంటరానివాళ్లు గుంటను మైల చేశారని. జనం పోగయ్యారు. తిట్లు, బెదిరింపులు. "ఒక అంటరానివాడు మీ మతంలోకి వస్తే వాడిని ఈ నీళ్లు ముట్టనిస్తారా, ఇవ్వరా?" అని బాబాసాహెబ్ నిలదీశాడు. జవాబు లేదు. చివరికి కోట లోపలికి పోనిచ్చారు గానీ, పైన ఎక్కడా నీళ్లు ముట్టకూడదని షరతు పెట్టారు. ముట్టకుండా చూసేదానికి తుపాకీ పట్టిన సిపాయిని వెంట పంపారు.

అంతకు ఏడేళ్ల ముందే, 1927 మార్చి 20న, మహద్ చవదార్ చెరువులో దిగి నీళ్లు తాగిన నాయకుడు ఆయన. అప్పటికే రౌండ్ టేబుల్ సమావేశాల్లో మాట్లాడి వచ్చిన మనిషి. ఆయనకే వెనకాల కాపలా!

ఈ కథ చదివి ఒక మతం మీద కోపం పెంచుకుంటే మనకు ఏమీ అర్థం కానట్టే. బాబాసాహెబ్ ఇది ఎందుకు రాశాడు? కులం అనే జబ్బు ఒక మతం గోడ దగ్గరే ఆగిపోదని చూపించేదానికి రాశాడు. గోడ దూకి పక్క మతంలోకీ పోతుంది. అలాంటప్పుడు మనల్ని మనం అడుక్కోవలసిన ప్రశ్న ఒకటుంది. అది మనతోపాటు దీక్ష తీసుకుని మన ధమ్మంలోకి మాత్రం రాకుండా ఉంటుందా?

అడగని దాహం

రెండు పల్లెల పిలకాయలు కలిసి ఒకసారి దుర్గం ఎక్కారు. ఒకటి మాలపల్లె, ఇంకొకటి మాదిగపల్లె. రెండు పల్లెల గోడల మీదా అదే అంబేడ్కర్ బొమ్మ. రెండు పల్లెల వాళ్లూ త్రిశరణాలు చెప్పినవాళ్లే. ఉదయగిరి కొండ మూడు వేల అడుగులకు పైన. ఎనిమిది కోటలు కొండ మీద, అయిదు కింద ఉండేవని చెబుతారు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1514లో పట్టుకున్నాడని మన పిలకాయలు పరీక్షలో రాస్తారు. రాళ్లు పైకి మోసినవాళ్ల పేర్లు మాత్రం ఏ పరీక్షలోనూ రావు. పడిపోయిన గోడల మధ్య నుంచి, ముళ్ల కంపల్లో నుంచి దారి. పొద్దెక్కేకొద్దీ రాయి కాలుతుంది. చలికాలం అయినా సరే, మధ్యాహ్నానికి గొంతు ఎండుతుంది.

ఒక కుర్రవాడి దగ్గర నీళ్లు అయిపోయాయి. మిగతావాళ్ల సంచుల్లో సీసాలు ఉన్నాయి. ఎవరూ ఇవ్వం అనలేదు. అసలు అతను అడగనే లేదు. కిందకు దిగి, రోడ్డు పక్క బోరింగు కొట్టుకుని, కడుపు నిండా తాగాడు. దిగొచ్చాక పక్కనున్నవాడు అడిగాడు, "ఎందుకు అడగలేదురా?" అని. "మీరు ఎత్తి తాగుతారో, నాకు ఎత్తి పోస్తారో తెలియలేదన్నా" అన్నాడు.

ఉపాసకులారా, ఈ మాటను కాస్త నెమ్మదిగా వినండి. ఎవరూ అతన్ని అవమానించలేదు. కేసు పెట్టేదానికి ఏమీ లేదు, పంచాయితీ చేసేదానికి ఏమీ లేదు. అయినా ఒక మనిషి తన వాళ్ల మధ్య దాహంతో నడిచాడు. ఊరి బావి దగ్గర మన అమ్మలు ఎవరో వచ్చి తోడి పోసేదాకా కడవ పట్టుకుని నిలబడ్డారు కదా, ఆ నిలబడటం అతని గొంతులో ఇంకా ఉంది. పై కులాల వాళ్లు నేర్పిన భయాన్ని అతను మన ముందు కూడా విడిచిపెట్టలేకపోయాడు. వాడు వదిలిపెట్టేంత నమ్మకం మనం ఇవ్వలేదు. ఇది ఒక్కడి సిగ్గు సంగతి కాదు, ఒక సంఘం పరీక్ష.

వడగట్టే గుడ్డ, చెంబెడు నీళ్లు, నిండిన కడవ

ఇలాంటిది బుద్ధుడి కాలంలోనే జరిగింది. వినయ పిటకంలో ఉంది. కోసల దేశంలో ఇద్దరు భిక్షువులు కలిసి దారిన పోతున్నారు. ఒకడు తప్పు పని చేస్తే రెండోవాడు అది సరికాదని చెప్పాడు. దాంతో మొదటివాడు కోపం పెట్టుకున్నాడు. తర్వాత చెప్పినవాడికి దాహం వేసింది. అతని దగ్గర వడగట్టే గుడ్డ లేదు. నీదివ్వమని అడిగాడు. కోపం పెట్టుకున్నవాడు ఇవ్వలేదు. వడగట్టని నీళ్లలో పురుగులుంటాయి, తాగితే శీలం తప్పుతుందని ఆ భిక్షువు తాగకుండా ఉండి, దాహంతో చచ్చిపోయాడు.

సంగతి తెలిసి బుద్ధుడు ఒక నియమం పెట్టాడు. దారిలో తోటివాడు వడగట్టే గుడ్డ అడిగితే కాదనకూడదు. కాదంటే దోషం. గుడ్డ లేకుండా ప్రయాణం కట్టకూడదు. అసలేమీ లేకపోతే కట్టుకున్న చీవరం కొంగుతోనైనా వడగట్టుకోవచ్చు. చూశారా! ధ్యానం ఎట్లా చేయాలో చెప్పినంత శ్రద్ధగా నీళ్లు ఎట్లా ఇవ్వాలో కూడా చెప్పాడు. పగను గొంతు దాకా రానియ్యకండి అని దీని అర్థం.

ఇది మొదటి మెట్టు: అడిగితే కాదనకూడదు. కానీ మన కుర్రవాడు అడగలేదు కదా! అడగని వాడికి ఈ నియమం చాలదు. దానికి ఇంకో కథ ఉంది.

కౌశాంబిలో భిక్షువులు రెండు వర్గాలుగా చీలిపోయారు. దేని మీద? మరుగుదొడ్డి దగ్గర ఒక భిక్షువు పాత్రలో నీళ్లు మిగిల్చి వచ్చాడట. అది తప్పని ఒకరు, తెలియక చేస్తే తప్పు కాదని ఒకరు. గురువుల గొడవ శిష్యులకు పాకింది. చెంబెడు నీళ్ల దగ్గర సంఘం రెండు ముక్కలైంది. బుద్ధుడు చెప్పి చూశాడు. వినలేదు. ఆయన వాళ్లను వదిలి ఒంటరిగా నడిచి వెళ్లిపోయాడు.

అట్లా పోతూ అనురుద్ధుడు, నందియుడు, కిమ్బిలుడు అనే ముగ్గురు భిక్షువులు ఉండే చోటికి చేరాడు. ఎట్లా ఉంటున్నారయ్యా అని అడిగాడు. పాలూ నీళ్లూ కలిసినట్టు ఉంటున్నాం అన్నారు వాళ్లు. ఎట్లా సాధ్యం అని అడిగితే, వాళ్లు చెప్పినవి పెద్ద పెద్ద తత్వాలు కావు. భిక్ష నుంచి ముందు వచ్చినవాళ్లు ఆసనాలు పరుస్తారు, తాగే నీళ్లు, కాళ్లు కడిగే నీళ్లు పెడతారు. ఆఖరున వచ్చినవాళ్లు అంతా ఊడ్చి సర్దుతారు. తాగే కడవ గానీ, కడుక్కునే కడవ గానీ ఖాళీగా కనబడితే, అది ఎవరి కంట పడిందో వాళ్లే నింపుతారు. ఒక్కరి వల్ల కాకపోతే చేత్తో సైగ చేసి ఇంకొకరిని పిలుస్తారు, ఇద్దరూ కలిసి ఎత్తుతారు.

ఇది రెండో మెట్టు. ఎవరూ అడగనక్కర్లేదు. ఎవరి వంతు అని చూడనక్కర్లేదు. ఖాళీ కడవ కనబడటమే పిలుపు. అడిగితే ఇచ్చే చోట ఇంకా ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఇద్దరుంటారు. అడగకముందే నిండే చోట మాత్రం అలాంటి ఇద్దరుండరు. మనం రోజూ చెప్పే మూడో శరణం ఆ చోటుకే.

బీరాపేరు సంగం దగ్గర ఏమవుతుంది?

సంగం ఊరికి ఆ పేరు ఎందుకొచ్చింది? అక్కడ బీరాపేరు వచ్చి పెన్నలో కలుస్తుంది. 2022లో ప్రారంభమైన బ్యారేజీ మీద నిలబడి చూడండి. ఇవి పెన్న నీళ్లు, ఇవి బీరాపేరు నీళ్లు అని ఎవరన్నా వేలు పెట్టి చూపించగలరా? కింద పొలం తడిసేటప్పుడు వరి ఏమన్నా అడుగుతుందా, నువ్వు ఏ ఏటి నీళ్లని?

బుద్ధుడు చెప్పింది అదే. గంగ, యమున, అచిరవతి, సరభు, మహి సముద్రంలో పడగానే పాత పేర్లు వదిలేస్తాయి. అట్లాగే నాలుగు వర్ణాల వాళ్లూ సంఘంలోకి రాగానే పాత పేరు, పాత గోత్రం వదిలేస్తారు. మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇచ్చి, శాక్య రాకుమారులను తర్వాత నిలబెట్టి, ఆ మంగలికే వాళ్లచేత నమస్కారం పెట్టించింది ఇందుకే.

ఇక్కడ ఒకరు లేచి అడుగుతారు. "అన్నా, మరి సర్టిఫికెట్టులో కులం రాయించుకుంటున్నాం కదా? వర్గీకరణ మాటేమిటి?" అడగవలసిన ప్రశ్నే. 1990లో చట్టం సవరించాక బౌద్ధం తీసుకున్న ఎస్సీలకు కూడా రిజర్వేషన్ దక్కుతోంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల్లో ఉపవర్గీకరణ చేసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. దాని మీద మన ఇళ్లల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఎవరి వాదన వాళ్లు చెప్పుకోవచ్చు, సభలు పెట్టుకోవచ్చు. వాటా కోసం న్యాయం అడగడం తప్పు కాదు. కానీ ఆ వాదన నీళ్ల సీసా దాకా రాకూడదు.

తెప్ప కథ మీకు తెలుసు. ఏరు దాటేదానికి ఒకడు తెప్ప కట్టుకున్నాడు. దాటాక, ఎంత మేలు చేసిందో కదా అని దాన్ని నెత్తిన పెట్టుకుని నడుస్తాడా? ధమ్మం కూడా దాటేదానికే గానీ పట్టుకు వేలాడేదానికి కాదన్నాడు బుద్ధుడు. ధమ్మాన్నే నెత్తిన మోయొద్దన్నవాడు కులాన్ని మోయమంటాడా? సర్టిఫికెట్టు కాలేజీ గుమ్మం దాటేదానికి, ఉద్యోగం గుమ్మం దాటేదానికి. అక్కడ అది హక్కు. విహారంలోకి, కొండ దారిలోకి, పెళ్లి సంబంధంలోకి దాన్ని నెత్తిన పెట్టుకుని రావద్దు. పెళ్లి అంటే చాలామందికి గుండె గుబుక్కుమంటుందని తెలుసు. నీళ్ల దగ్గర మొదలుపెట్టండి. నీళ్లు కలిసిన చోట కంచం కలుస్తుంది. కంచం కలిసిన చోట మిగతావీ కలుస్తాయి.

ఆడపిల్లలను వదిలేసి పోవద్దు

ఇంకొక మాట. ఈ కొండ జట్లలో ఎక్కువమంది మగపిల్లలే. సద్ది కట్టి ఇచ్చేది ఆడవాళ్లు, ఎక్కి వచ్చేది మగవాళ్లు. మహాప్రజాపతి గౌతమి సంగతి గుర్తు చేసుకోండి. సంఘంలో చేరతామంటే మొదట ఒప్పుకోలేదు. ఆమె జుట్టు తీయించుకుని, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని, కపిలవస్తు నుంచి వైశాలి దాకా నడిచింది. కాళ్లు వాచిపోయి, ఒళ్లంతా దుమ్ముతో విహారం గుమ్మం ముందు నిలబడింది. ఆనందుడు ఆమె తరఫున మాట్లాడాడు. తలుపు తెరుచుకుంది. మన చరిత్రలో ఆడవాళ్లు జట్టు కట్టి చేసిన గొప్ప నడక అది. ఆ నడక వారసులను "నీకెందుకమ్మణ్ణీ కొండ" అని ఇంట్లో కూర్చోబెడతామా?

ఎట్లా నడవాలి

పంచశీలను కొండ దారిలోకి తెచ్చుకుంటే ఇట్లా ఉంటుంది.

ఒకటి, ప్రాణం. పామును చూసి రాయి తీయొద్దు, పక్కకు జరగండి. చెట్టు కొమ్మ విరవొద్దు. పొయ్యి వెలిగించి అడవికి నిప్పు తేవొద్దు.

రెండు, మనది కానిది ముట్టకూడదు. వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. దాని జోలికి ఎవరు పిలిచినా పోవద్దు. కూలి డబ్బుకు ఆశపడి జైలుకు పోయేది పేదవాడే. నిధులున్నాయని చెప్పి పాత గోడలు తవ్వేవాళ్లతో కలవొద్దు.

మూడు, జట్టులో ఆడపిల్ల ఎంత ధైర్యంగా నడుస్తుందో అదే ఆ జట్టు శీలానికి కొలత.

నాలుగు, మాట. కొండ ఎక్కలేనివాణ్ణి ఎగతాళి చేయొద్దు. కోట గోడల మీద పేర్లు చెక్కొద్దు. పేరు వదిలేసేదానికి పోయేవాళ్లం, చెక్కేదానికి కాదు.

అయిదు, మత్తు. సీసాల్లో నీళ్లే ఉండాలి. వేరేది ఉంటే ఆ సంచి కిందనే దించెయ్యండి.

ఇక పనికొచ్చే మాటలు. ముందు అటవీ శాఖ వాళ్లను అడిగి, అనుమతి కావాలంటే తీసుకోండి. దారి తెలిసిన మనిషిని వెంట తీసుకుపోండి. అట్లా దారి చూపించేవాడే గురువు. మన బదులు నడిచి పెట్టేవాడు ఎవడూ లేడు. రాజగృహానికి దారి అడిగినవాడికి దారి చెప్పగలను గానీ నడవాల్సింది అతనే అని బుద్ధుడు మొగ్గల్లానుడితో అన్నది ఇదే. మనిషికి మూడు లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు మోసుకోండి. కొండ మీది పాత కోనేటి నీళ్లు నమ్ముకోవద్దు. పొద్దు వాలకముందే దిగండి. ప్లాస్టిక్కు అంతా సంచిలో వెనక్కి రావాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టండి, జట్టంతా వాడి అడుగుతో నడవాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇది. బయల్దేరేముందు అందరి సీసాలూ ఒకచోట పెట్టి, కలిపి పంచండి. ఈ సీసా నాది, ఆ సీసా నీది అనేది అక్కడే ఆగిపోవాలి. గంటకొకసారి ఆగండి. ఆగినప్పుడు, ఎవరికన్నా దాహంగా ఉందా అని అడగొద్దు. ఉందని చెప్పేదానికి కొందరికి నోరు రాదు. సీసా మూత తీసి వరసగా అందరికీ అందించండి, అంతే. తాగేవాడు తాగుతాడు.

మొక్కు లేని నడకకు అర్థం ఇదే. పైన మనకు వరం ఇచ్చేవాడు లేడు గనక, పక్కన నడిచేవాడే మనకు దిక్కు. అతనికి మనం దిక్కు. ఈ చలికాలం రెండు పల్లెల వాళ్లూ కలిసి ఎక్కండి. దిగాక ఎవరింటికి వాళ్లు పోకుండా, ఒక పల్లెలో కాళ్లు కడుక్కుని, రెండో పల్లెలో కూర్చుని అన్నం తినండి. వచ్చే పౌర్ణమికి విహారం గుమ్మం ముందు ఒక కడవ పెట్టండి. అది ఎవరు పెట్టారో, ఎవరు నింపారో రాయొద్దు. నిండుగా ఉందా లేదా అన్నది మాత్రం చూసుకుంటూ ఉండండి.

భవతు సబ్బ మంగళం.

జై భీమ్. నమో బుద్ధాయ.